తిని తిని, తింటూ తింటూ, తినగా తినగా

పోయిన నెల ఈ శీర్షికలో 'మళ్ళీ' అనే మాట మీద నాలుగు ముక్కలు రాశాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు, వాట్సాప్ మెసేజిలు ఈమధ్య దేనిమీదా రాలేదు. చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తే దాన్ని ఏ భాషవాళ్ళు ఎలా చెప్పుకుంటారన్నదే అన్నిట్లోనూ అటూఇటూగా ఉన్న ప్రశ్న. అందుకని ఈసారి శీర్షికంతా దానికే. కొందరికి పెద్ద జవాబులు, కొందరికి చిన్నవి. చిన్నవి దక్కినవాళ్ళు అలగొద్దు.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వ్యాసంలో 'అమ్మ చెప్పి చెప్పి విసిగిపోయింది' అని రాస్తే స్కూల్లో ఒక 'చెప్పి'ని ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన 'పునరుక్తి దోషం' అని రాశారు. ఒకే మాట రెండుసార్లు రాయడం తప్పా? (ఒక తల్లి, ఒంగోలు)

తప్పు కాదమ్మా. కొట్టేసిన 'చెప్పి'ని మీవాడి చేత మళ్ళీ రాయించండి. చెప్పిన సంగతినే అవసరం లేకుండా ఇంకోసారి చెబితే అది పునరుక్తి దోషం. ఇక్కడ ఆ రెండో 'చెప్పి' తీసేశామంటే మీరు ఒక్కసారి చెప్పి, ఆ ఒక్కసారికే విసిగిపోయారన్నట్టు అవుతుంది. పాపం, అన్నిసార్లు చెప్పిన కష్టమంతా ఆ రెండో మాటలోనే ఉంది.

అసలు తెలుగువాడు క్రియని రెండుసార్లు అన్నాడంటే అది 'చాలాసార్లు' అని చెప్పడానికే అనుకుంటాం గానీ, అంత తేలిక కాదు. 'తిను' తీసుకోండి. హాస్టల్ కుర్రాడు 'ఆ సాంబారే తిని తిని నోరు చచ్చిపోయింది' అంటాడు. వాళ్ళమ్మ ఫోన్లో 'చిన్నప్పుడు అన్నం తింటూ తింటూ నిద్రపోయేవాడు' అంటుంది. వాళ్ళ నాన్న 'కాకరకాయ మొదట్లో చేదే, తినగా తినగా అలవాటైంది' అంటాడు. మూడుచోట్లా తినడమే, మూడుచోట్లా రెండుసార్లు అనడమే. మొదటిదాంట్లో ఎన్నో పూటల తిండి ఒకదాని మీద ఒకటి పేరుకుని చివరికి మనిషిని కూలేసింది. చెప్పి చెప్పి, తిరిగి తిరిగి, ఎదురుచూసి చూసి, అన్నీ ఈ బాపతే, వీటి వెనకాల సాధారణంగా అలుపో విసుగో వస్తుంది. రెండోదాంట్లో ఉన్నది ఒకే ఒక్క పూట, ఒకే కంచం, పని సగంలో ఉండగా ఇంకేదో జరిగింది. మూడోదాంట్లో ఏ పూటకా పూట కొంచెం కొంచెంగా మనిషే మారాడు. 'తినగ తినగ వేము తియ్యనుండు' అన్న వేమన పద్యంలో ఆ పని చేసేది సరిగ్గా ఈ 'గ'కారమే. అక్కడ 'తిని తిని వేము తియ్యనుండు' అని పెట్టి చూడండి, వేపాకు తిని తిని ఎవడో చిరాకుపడుతున్నట్టు ఉంటుంది. 'రాను రాను', 'పోను పోను' కూడా ఈ మూడో కుదురువే.

వీటికి లొంగనివీ ఉన్నాయి. 'చూస్తూ చూస్తూ ఎలా వదిలేస్తాం' అంటే ఎన్నోసార్లు చూసి అని కాదు, అన్నీ తెలిసుండి అని. 'కోరి కోరి తెచ్చుకున్నావు' అన్నప్పుడు ఎన్నిసార్లు కోరాడన్న లెక్క ఎవరికీ అక్కర్లేదు, మనసుపడి తెచ్చుకున్నాడని ఎత్తిపొడుపు.

ఈ తేడాల్ని మనకంటే చాలా ముందే పసిగట్టినవాడు పాణిని. అష్టాధ్యాయి ఎనిమిదో అధ్యాయం మొదట్లోనే 'నిత్యవీప్సయోః' అని ఒక సూత్రం ఉంది: మాటని రెండుసార్లు ఎప్పుడంటామయ్యా అంటే, పని ఆగకుండానో మళ్ళీ మళ్ళీనో జరుగుతుంటే ఒకటి, ఏ ఒక్కటీ వదలకుండా అన్నిటికీ వర్తింపజేయాలంటే ఒకటి. 'చెప్పి చెప్పి' మొదటిది. 'ఇంటింటికీ', 'ఊరూరా' రెండోది. ఇంటింటికీ పోలియో చుక్కలు వేశారంటే ఒకే ఇంటికి పదిసార్లు వెళ్ళారని ఎవరూ అనుకోరుగా. ఇంకో ముచ్చట: ఆమ్రేడితం అంటే జంట మొత్తానికీ పేరనుకుంటారు చాలామంది. కాదు. జంటలో రెండోదాని పేరే ఆమ్రేడితం. పాణినీ అదే చెప్పాడు, మన చిన్నయసూరి బాలవ్యాకరణంలోనూ అదే. అంటే మీవాడి వ్యాసంలో కొట్టేసింది రెండో 'చెప్పి' అయితే, ఆ ఎర్ర పెన్ను పడింది సాక్షాత్తూ ఆమ్రేడితం మీద.

ప్రశ్న: అట్లాంటాలో ఉంటాను. మా టీంలో ఒక నల్లజాతి అమ్మాయి ఫోన్లో ఇంటివాళ్ళతో 'షీ బీ వర్కింగ్' లాంటి మాటలు అంటుంటుంది. మంచి ఇంగ్లీషు వచ్చిన మనిషి, ఇంట్లో ఇలా తప్పులు ఎందుకు మాట్లాడుతుంది? (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

తప్పులు కావండీ. మీకూ నాకూ స్కూల్లో నేర్పని వ్యాకరణం అది. ఆఫ్రికన్ అమెరికన్ల ఇంగ్లీషులో 'షీ వర్కింగ్' అంటే ఇప్పుడు పని చేస్తోంది అని. 'షీ బీ వర్కింగ్' అంటే ఎప్పుడూ పని చేస్తుంటుంది, అది ఆమె తీరు అని, ఈ నిమిషంలో ఆమె దుప్పటి ముసుగేసి పడుకుని ఉన్నా సరే. అందుకే 'షీ బీ వర్కింగ్ రైట్ నౌ' అని వాళ్ళు అనరు, వాళ్ళ చెవికి అది ఎబ్బెట్టు.

దీని మీద జానిస్ జాక్సన్ అనే పరిశోధకురాలు పిల్లలతో చేసిన ప్రయోగం నాకు భలే ఇష్టం. సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమంలో బిస్కెట్లంటే పడిచచ్చే కుకీ మాన్‌స్టర్ అనే బొమ్మ ఉంటుంది. పిల్లలకి చూపించిన చిత్రంలో వాడు ఒంట్లో బాగోక మంచం మీద ఉన్నాడు, పక్కన ఎల్మో అనే ఇంకో బొమ్మ కుకీ తింటున్నాడు. 'హూ ఈజ్ ఈటింగ్ కుకీస్' అని అడిగితే పిల్లలందరూ ఎల్మోనే చూపించారు. 'హూ బీ ఈటింగ్ కుకీస్' అని అడిగితే తెల్ల పిల్లలు మళ్ళీ ఎల్మోనే చూపించారు, నల్ల పిల్లలు మాత్రం మంచం మీద ఉన్న కుకీ మాన్‌స్టర్‌ని చూపించారు. ప్రశ్నల్లో తేడా పట్టుకున్నది ఆ పిల్లలే.

తెలుగువాళ్ళం మనం ఇది అర్థం చేసుకోవడానికి అసలు కష్టపడక్కర్లేదు. 'కుకీలు ఎవరు తింటున్నారు?' 'కుకీలు ఎవరు తింటుంటారు?' ఆ 'ఉంటారు' ఉందే, అదే వాళ్ళ 'బీ'. ఐర్లండ్‌వాళ్ళ ఐరిష్ భాషలోనూ ఉండడానికే రెండు రూపాలున్నాయి, 'టా' అంటే ఇప్పుడు ఉంది, 'బీయన్' అంటే ఎప్పుడూ ఉంటుంది. స్కూలు ఇంగ్లీషుకి ఈ సౌకర్యం సరిగా లేదు, 'యూజువల్లీ' అనో 'ఆల్వేస్' అనో బయటినుంచి ఒక మాట తెచ్చి అతికించుకోవాలి. ఇంకోమాట: మనలోనూ 'తింటుంటాడు' వేరు, 'తింటూనే ఉంటాడు' వేరు. మొదటిది అలవాటు చెప్పడం, రెండోది చాడీ చెప్పడం.

ఒకప్పుడు నేనూ ఆ 'బీ'ని విని లోపల్లోపల నవ్వుకున్నవాణ్ణే, కాబట్టి మీకు క్లాసు పీకే అర్హత నాకు లేదు.

ప్రశ్న: 'దేదీప్యమానంగా వెలుగుతోంది' అంటాం. దీప్తి, దీపం తెలుసు. ముందున్న ఆ 'దే' ఏమిటి? (రిటైరైన పోస్టుమాస్టరు, తెనాలి)

అది కూడా రెట్టింపేనండీ, బయటికి కనబడని రెట్టింపు. సంస్కృతంలో మాట మొత్తాన్ని కాకుండా ధాతువులో మొదటి ముక్కని మాత్రమే రెండుసార్లు చేసి, పని పదే పదే జరిగిందనో గట్టిగా జరిగిందనో చెప్పే పద్ధతి ఒకటి ఉంది. వ్యాకరణంలో దాన్ని యఙంతం అంటారు. వండడానికి 'పచతి', పదే పదే వండడానికి 'పాపచ్యతే'. ఆ లెక్కన 'దీప్'కి ముందు 'దే' వచ్చి దేదీప్యమానం అయింది. 'జ్వల్'కి ముందు 'జా' వచ్చి జాజ్వల్యమానం. మనం రోజూ వాడే మాటల్లోనూ ఈ సామాను దాక్కుని ఉంది. 'గమ్' అంటే వెళ్ళడం, దానికి ఇదే పద్ధతిలో రెట్టింపు వస్తే 'జంగమ', ఊరికే ఒకసారి వెళ్ళేది కాదు, వెళ్తూనే ఉండేది. గంట వాయిస్తూ ఒక ఊళ్ళో నిలవకుండా తిరిగే జంగందేవరని తలుచుకోండి, ఆ పేరులోనే తిరుగుడంతా ఉంది. 'చంచలం' కూడా ఇలాంటిదే, కదిలి కదిలి ఒకచోట నిలవనిది.

ప్రశ్న: మాటిమాటికీ అంటే మాట మాటకీ అనేనా? (డిగ్రీ విద్యార్థిని, కర్నూలు)

కాదు. మాటు అంటే సారి. గోదావరి వైపు ఇప్పటికీ 'ఒక్కమాటు ఇలా రా' అంటారు. మాటుమాటుకీ జరిగేది మాటిమాటికీ అయింది. మీ వైపు 'ఒకతూరి' అంటారుగా, ఉత్తరాంధ్రలో 'ఓపాలి', తెలంగాణలో 'ఒకపారి'. ఒక్కసారి అనడానికే ఇన్ని మాటలున్నవాళ్ళం, పదిసార్లు చెప్పడానికి కరువేముంటుంది.

ప్రశ్న: మొట్టమొదట, చిట్టచివర, పట్టపగలు... ఈ 'ట్ట' ఎక్కడినుంచి ఊడిపడింది? (పేరు రాయలేదు)

పదో తరగతి పుస్తకం అటకెక్కించేశారన్నమాట. మొదట మొదట, చివర చివర, పగలు పగలు. జంటలో మొదటి మాటకి తొలి అచ్చు దాకా ఉంచి, మిగతాదంతా చెరిపేసి, అక్కడ 'ట్ట' పెట్టారు. దానికి ద్విరుక్తటకార సంధి అని పేరు. ఇక్కడ రెట్టింపు 'చాలాసార్లు' అని చెప్పడానికి కాదు, ఇక ఇంతకు మించి లేదని చెప్పడానికి.

ప్రశ్న: మా అమ్మాయి రష్యాలో మెడిసిన్ చదువుతోంది. అక్కడి భాషలో 'వెళ్ళడానికి' రెండేసి క్రియలున్నాయట, ఏది ఎక్కడ వాడాలో తెలియక మొదటి ఏడాదంతా టెన్షన్ పడింది. ఒక్క పనికి రెండు మాటలెందుకండీ? (ఒక తండ్రి, ఖమ్మం)

ఒక్క పని కాదని వాళ్ళ ఉద్దేశం. రష్యన్‌లో 'ఇత్తీ' అంటే ఒక వైపుకి, ఇప్పుడు నడిచి వెళ్ళడం. 'ఖదీత్' అంటే వెళ్తూ వస్తూ ఉండడం, అంటే అలవాటుగా తిరగడం. మీ అమ్మాయి దారిలో ఉండి 'కాలేజీకి వెళ్తున్నా' అనాలంటే మొదటిది, 'రోజూ కాలేజీకి వెళ్తాను' అనాలంటే రెండోది. ఇంకా కొంటెతనం ఏమిటంటే, నిన్న సినిమాకి వెళ్ళి వచ్చానని చెప్పడానికి కూడా ఆ రెండోదే వాడతారు, వెళ్ళి రావడంలో రెండు వైపుల ప్రయాణం ఉంది కదా. బండి మీద వెళ్ళడానికి ఇంకో జంట, ఎగరడానికి, ఈదడానికి, మోసుకెళ్ళడానికి వేరే వేరే జంటలు. మొత్తం డజనుకు పైనే. పాపం ఆ పిల్ల ఏడాది టెన్షన్ పడిందంటే పడదూ మరి.

కానీ ఒకటి చెప్పండి ఆమెకి. మన 'వెళ్తాను' చూసి నేర్చుకునే పరాయివాడి బాధ ఇంతకంటే తక్కువేం కాదు. 'రేపు వెళ్తాను', 'రోజూ వెళ్తాను'. రేపు చేయబోయేదీ, రోజూ చేసేదీ ఒకటే రూపం, మాట చూసి చెప్పడానికి లేదు, పక్కన ఏముందో చూసుకోవాలి.

రష్యన్‌లో ఇంకో ముద్దొచ్చే రూపం ఉంది, 'గవారివల్' అని. మా తాత ఇలా అంటుండేవాడు అని పాతకాలం సంగతి చెప్పేటప్పుడు వాడతారు. పుస్తకాల్లోనూ పెద్దవాళ్ళ నోటా తప్ప ఇప్పుడు పెద్దగా వినబడదట. మన 'అంటుండేవాడు' ఇంకా రోజువారీ మాటే, దానికి ఆ పాత వాసన అంటలేదు.

ప్రశ్న: ఇంగ్లీషులో ఒక్క మాటలోనే 'పదే పదే' అన్న అర్థం వచ్చేలా ఏమీ లేవా? (పాలిటెక్నిక్ విద్యార్థి, విజయనగరం)

ఉన్నాయి, అరిగిపోయి కనబడవు. స్పార్క్ అంటే ఒక నిప్పురవ్వ, స్పార్కిల్ అంటే అలాంటివి వరసగా మెరవడం. క్రాక్ ఒకసారి పగలడం, క్రాకిల్ చిటపటమనడం. డేజ్ నుంచి డాజిల్. చివర్లో ఆ 'ల్' చేరితే పని చిన్న చిన్న ముక్కలుగా మళ్ళీ మళ్ళీ జరుగుతున్నట్టు. రెజ్లింగ్ ఉంది చూశారా, అదీ ఇంతే, మెలితిప్పి లాక్కోవడానికి 'రెస్ట్' అనే పాత క్రియ ఉంది, దాన్ని వదలకుండా చేస్తే రెజిల్. లాటిన్ నుంచి వచ్చినవి వేరే. విజిట్ వెనకాల చూడడం ఉంది, వెళ్ళి వెళ్ళి చూడడం. డిక్టేటర్ వెనకాల చెప్పడం ఉంది, చెప్పిందే చెప్పడం. దాని మీద నేనేమీ అనను.

మన తెలుగులోనూ ఇలాంటి తోక ఒకటి ఉందని చాలామంది గమనించరు. తోపు, తోపులాట. వెతకడం, వెతుకులాట. పాకడం, పాకులాడడం. తిరగడం, తిరుగాడడం. ఈ 'ఆడు' చేరగానే ఒక్కసారి జరిగే పని కాస్తా అటూ ఇటూ, మళ్ళీ మళ్ళీ జరిగేదైపోతుంది. జాతరలో ఎవడో ఒకసారి నెడితే అది తోపు, అందరూ అందర్నీ నెడితే తోపులాట.

ప్రశ్న: మా మనవడు డల్లాస్ నుంచి వచ్చాడు. ముచ్చటగా తెలుగు మాట్లాడుతున్నాడు గానీ 'అమ్మమ్మా, నేను టపటపా కింద పడ్డా' అంటాడు. నవ్వాపుకోలేక చచ్చిపోతున్నాం. వాడికి తేడా ఎట్లా చెప్పాలి? (అమ్మమ్మ, వరంగల్)

ఈ ప్రశ్నకి మీకు సగం పేజీ రాసిస్తానండీ, అంత నచ్చింది. వాణ్ణి అడగండి, ఎన్నిసార్లు పడ్డావురా అని. ఒక్కసారైతే 'టప్పున', వరసగా పడితే 'టపటపా'. వానచుక్కలు టపటపా పడతాయి, మామిడికాయ టప్పున పడుతుంది.

ఇది ఒక్క టపటపకి సంబంధించింది కాదు, తెలుగు మొత్తం మీద పరుచుకున్న ఏర్పాటు. గబుక్కున లేస్తాం, గబగబా నడుస్తాం. మాత్ర గుటుక్కున మింగుతాం, మజ్జిగ గటగటా తాగుతాం. క్లాసులో ఒక పిల్ల కిసుక్కున నవ్వితే మేష్టారు వెనక్కి తిరుగుతాడు, వెనక బెంచీ అంతా కిసకిసలాడితే సుద్దముక్క విసురుతాడు. మెరుపు తళుక్కున మెరుస్తుంది, తోమిన ఇత్తడి చెంబు తళతళలాడుతుంది. మంట భగ్గుమంటుంది, ఆ తర్వాత భగభగ మండుతుంది. ఒక్కసారి జరిగి ఆగిపోయిన పనికి మాట మధ్యలోనో చివర్లోనో ఒత్తు పడి ఠక్కున తెగుతుంది. సాగుతున్న పనికి ఒత్తు ఉండదు, మాట రెండుసార్లు దొర్లుతుంది. పని ఎలా జరిగిందో మాట కూడా అలాగే జరుగుతోంది. ఇంకో విడ్డూరం, ఉత్త 'గబ' అనే మాట లేదు, 'తళ' లేదు, 'కిస' లేదు. జంటగా పుట్టాయి, జంటగానే బతుకుతాయి. మీ మనవడికి ఇదంతా చెప్పక్కర్లేదు, ఒక మామిడికాయా, ఒక గుప్పెడు శనగలూ తీసుకుని కింద వదిలి చూపించండి. మధ్యాహ్నం గడిచిపోతుంది.

ప్రశ్న: కౌలాలంపూర్లో ఉంటాం. మలయ్ భాషలో 'జలన్' అంటే నడవడం, 'జలన్ జలన్' అంటే షికారు. రెండుసార్లు అంటే ఇంకా ఎక్కువ నడవాలి కదా, షికారెలా అయింది? (ఒక గృహిణి)

మీకు మంచి అనుమానమే వచ్చింది. రెట్టింపు చేస్తే బరువు పెరుగుతుందని మనం అనుకుంటాం, కొన్నిచోట్ల బరువు తగ్గుతుంది. 'దుదుక్' అంటే కూర్చోవడం, 'దుదుక్ దుదుక్' అంటే ఏ పనీ లేకుండా ఊరికే కూర్చోవడం. గమ్యం లేని పని, తీరికగా చేసే పని. చైనీస్‌లోనూ ఇంతే, చూడడాన్ని రెండుసార్లు అంటే 'అలా ఒకసారి చూడు' అని, మెత్తగా అడగడం. మనకీ ఈ గుణం లేకపోలేదు. చింతకాయ పుల్లగా ఉంటుంది, కొత్త ఉసిరికాయ పచ్చడి పుల్లపుల్లగా ఉంటుంది, అంటే నోరూరేంత మేరకే. తెలతెలవారుతోంది అంటే ఇంకా పూర్తిగా తెల్లారలేదని.

మలయ్‌లో ఈ జంటమాటలు ఎంత ఎక్కువంటే ఒకప్పుడు మాట రాసి దాని పక్కన 2 అంకె వేసి ఊరుకునేవారు, చదివేవాడు రెండుసార్లు చదువుకునేవాడు. 1972లో రాతపద్ధతి సంస్కరించినప్పుడు అది అధికారికంగా పోయింది. మెసేజిల్లో ఇంకా అలాగే కొడతారని మీకు నాకంటే బాగా తెలిసుంటుంది. తెలుగులో మొదలుపెడితే బాగుండు, 'చెప్పి2 విసిగిపోయాను' అని. ఒంగోలు ఎర్ర పెన్ను దాన్నేం చేస్తుందో చూడాలి.

ప్రశ్న: అనగనగా ఒక రాజు అంటే అర్థం ఏమిటి? మా నాన్నకి తెలీదంట. (అయిదో తరగతి, సిద్దిపేట)

అనగా అనగా, అంటే అందరూ అంటూ అంటూ ఉండగా మన దాకా వచ్చిన కథ అని. నువ్వు తినగా తినగా అన్న జవాబు పైన చదివావుగా, ఇదీ అదే. నాన్నకి చెప్పు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు తెచ్చారు, ఒకటి ఎండలేదు, అక్కణ్ణుంచి ఏమైందో గుర్తుందా? చేపా చేపా ఎందుకు ఎండలేదు, గడ్డిమోపూ గడ్డిమోపూ ఎందుకు అడ్డమొచ్చావు, ఆవూ ఆవూ ఎందుకు మేయలేదు, ఇలా చీమ దాకా ఎవరినైనా రెండేసిసార్లు పిలవాల్సిందే. ఒక్కసారే పిలిచి చూడు, చేప పలుకుతుందేమో.